ఫినిష్ చేసిన బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్: గోడ కోసే ముందు నుంచి చివరి ట్యూనింగ్ దాకా

హోమ్ థియేటర్ అనుకోగానే మనసు ముందు ప్రొజెక్టర్ మీదకే పోతుంది. ఏ మోడల్ బాగుంది, ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత), 4కే ఉందా లేదా అని రాత్రంతా చదువుతూ కూర్చుంటాం. అందులో తప్పేం లేదు. కానీ ప్రొజెక్టర్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు. స్పీకర్లూ అంతే. గోడ లోపల వేయాల్సిన వైరు మర్చిపోయి రంగు వేసేస్తే మాత్రం ఆ గోడను మళ్లీ కోయాల్సిందే.

బేస్‌మెంట్ అప్పటికే ఫినిష్ అయి ఉంటే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. గోడలున్నాయి, సీలింగ్ ఉంది, కింద కార్పెట్ ఉంది, సోఫా తెచ్చి వేసుకోవడమే తరువాయి అనుకుంటాం. తీరా పని మొదలుపెట్టాక తెలుస్తుంది, మనకు కావాల్సినవన్నీ ఆ గోడల వెనకే ఉన్నాయని. స్టడ్‌లు (గోడను నిలబెట్టే నిలువు చట్రం కర్రలు) ఎక్కడున్నాయో కనబడవు, డక్ట్ (గాలి పోయే గొట్టం) ఎటు పోతోందో తెలియదు, ఇన్సులేషన్ ఉందో లేదో తెలియదు. కాబట్టి ఇలాంటి గదిలో అసలు ప్రశ్న ఒక్కటే: ఏది విప్పాలి, ఏది ముట్టుకోకుండా వదిలేయాలి? మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకే వస్తాయి.

మొదటి అడుగు: తేమ

బేస్‌మెంట్ భూమిలో ఉంటుంది. కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా, నేలలోని తడిని మెల్లగా పీల్చుకుంటుంది. పైన కార్పెట్, గోడలకు గుడ్డ ప్యానెళ్లు, స్క్రీన్ చుట్టూ వెల్వెట్ వేశామంటే బూజుకు ఇల్లు కట్టిచ్చినట్టే.

కార్పెట్ ఒక మూల ఎత్తి, కాంక్రీటు మీద అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒక రోజంతా అలాగే వదిలేసి తీసి చూడండి. షీటు అడుగున నీటి చుక్కలున్నా, కాంక్రీటు రంగు ముదిరినా నేల నుంచి తేమ వస్తోందని అర్థం. దాంతోపాటు గదిలో గాలి తేమను కొలిచే హైగ్రోమీటర్ ఒకటి పెట్టి కొన్ని వారాలు గమనించండి. వానలు పడే రోజులు అందులో తప్పకుండా ఉండాలి. గాలిలో తేమ 50 శాతం దాటకుండా ఉంటే మంచిది. దాటుతుంటే గాలిలోని తేమను లాగేసే యంత్రం, డీహ్యూమిడిఫయర్ అవసరం. దాన్ని థియేటర్ గదిలో పెట్టకండి, దాని చప్పుడు నిశ్శబ్ద సన్నివేశాలన్నింటినీ పాడుచేస్తుంది. పక్కనున్న యుటిలిటీ గదిలో పెట్టి, నీరు పోయే పైపును డ్రెయిన్‌కు కలిపేయండి.

గోడ అడుగున ఎక్కడైనా నీటి మరక కనిపిస్తే మిగతా ప్లాన్ అంతా అక్కడే ఆపేయండి. ఇంటి బయట పైకప్పు నీరు ఎటు పోతోంది, నేల వాలు ఇంటి వైపుకు ఉందా అన్నది ముందు చూసి సరిచేయాలి. నేలలోంచి ఊపిరితిత్తులకు హానిచేసే రాడాన్ వాయువు వచ్చే ప్రాంతమైతే ఆ పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి. దానికి రంగూ వాసనా ఉండవు, శబ్దం ఆపడానికి గదిని బిగించేకొద్దీ అది లోపలే పేరుకుంటుంది. కరెంటు పనికీ, గోడలు మార్చే పనికీ మీ ఊరి నిబంధనలు ఏం అనుమతులు అడుగుతాయో కూడా ఇదే వారంలో కనుక్కోండి.

రెండో అడుగు: కొలతలు, కాగితం మీద గది

గ్రాఫ్ కాగితం తీసుకుని గదిని కొలత ప్రకారం గీయండి. గోడలొక్కటే గీస్తే చాలదు. సీలింగ్‌లో దూలం ఎంత కిందికి దిగింది, డక్ట్‌ను కప్పిన పెట్టె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఇనుప స్తంభాలు ఎక్కడున్నాయి, నీటి వాల్వులు, డ్రెయిన్ మూతలు, కరెంటు ప్యానెల్ ఎక్కడున్నాయి, అన్నీ రావాలి. వాల్వులనూ ప్యానెల్‌నూ ఎప్పుడూ మూసేయకూడదు, చేయి పట్టే తలుపైనా ఉంచాలి. స్తంభం జోలికి అసలు పోకండి. ఇంటి బరువు మోసేది అదే. అది గది మధ్యలో పడుతుంటే ప్లాన్‌ను దాని చుట్టూ తిప్పుకోవాలి.

ఇక కొలతలకూ శబ్దానికీ ఉన్న సంబంధం. ధ్వని సెకనుకు దాదాపు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య కొన్ని బాస్ (బాగా లోతైన) స్వరాలు అటూ ఇటూ తిరుగుతూ ఒకచోట ఉబ్బిపోతాయి, ఇంకోచోట మాయమైపోతాయి. అందులో మొదటిది ఏ స్వరమో తెలియాలంటే 565ని గది కొలతతో భాగించండి. 20 అడుగుల పొడవుకు 28 హెర్ట్జ్, 13 అడుగుల వెడల్పుకు 43, 8 అడుగుల ఎత్తుకు 70. మూడూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఇది మంచి గది. అదే 16 అడుగుల పొడవు, 16 వెడల్పు, 8 ఎత్తు తీసుకుంటే 35, 35, 70 వస్తాయి. ఒకే స్వరం మీద గది మొత్తం పడి మోగుతుంది. చతురస్రంగా ఉన్న చోటైతే అడ్డుగోడ ఒకటి కట్టి, ఆ మిగిలిన భాగాన్ని సామాన్ల గదిగా వాడుకోవడం నయం.

సోఫాను వెనక గోడకు ఆనించి వేయకండి. గోడ దగ్గర బాస్ అంతా పోగుపడుతుంది. పొడవుకు సరిగ్గా మధ్యలోనూ వద్దు, అక్కడ మొదటి స్వరం వినబడకుండా పోతుంది. వెనక గోడ నుంచి పొడవులో మూడో వంతు ముందుకు కూర్చోగలిగితే చాలా గదుల్లో బాగా కుదురుతుంది.

మూడో అడుగు: స్క్రీన్ ఎంత, కుర్చీ ఎక్కడ

కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి స్క్రీన్ వెడల్పు ఎన్ని డిగ్రీలు కనబడుతుందన్నదే అసలు లెక్క. 30 డిగ్రీలైతే హాయిగా ఉంటుంది, 40 అయితే సినిమాలో మునిగిపోయినట్టుంటుంది. కూర్చునే దూరాన్ని 1.87తో భాగిస్తే 30 డిగ్రీల స్క్రీన్ వెడల్పు వస్తుంది, 1.37తో భాగిస్తే 40 డిగ్రీలది. 12 అడుగుల దూరంలో కూర్చుంటే 77 నుంచి 105 అంగుళాల వెడల్పు అన్నమాట. మామూలు 16:9 స్క్రీన్‌లో మూల నుంచి మూలకు కొలిస్తే అది 88 నుంచి 120 అంగుళాలు.

ఈ లెక్క మీద వెంటనే నమ్మకం పెట్టుకోకండి. రంగు వేసేవాళ్లు వాడే కాగితపు టేపు తెచ్చి, గోడ మీద 120 అంగుళాల దీర్ఘచతురస్రం అంటించండి. దాని లోపల 100 అంగుళాలది ఇంకోటి. సోఫా ఉండాల్సిన చోట కుర్చీ వేసుకుని వారం రోజుల పాటు రోజూ కాసేపు దాన్ని చూడండి. మెడ పైకి ఎత్తాల్సి వస్తోందా? కళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెడుతున్నాయా? ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. మా ఇంట్లో టేపు అడుగు అంచును రెండుసార్లు కిందికి జరిపాం. స్క్రీన్ కొనేశాక ఆ పని చేయలేం.

రెండు వరసలు కావాలంటే వెనక వరసకు ఎత్తు అరుగు కట్టాలి. ఇక్కడే బేస్‌మెంట్ సీలింగ్ అడ్డం పడుతుంది. ఉదాహరణకు స్క్రీన్ అడుగు అంచు నేల నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉందనుకుందాం. ముందు వరస స్క్రీన్‌కు 11 అడుగుల దూరంలో, కూర్చున్న మనిషి తల పైభాగం 45 అంగుళాల ఎత్తులో ఉంది. వెనక వరస 17 అడుగుల దూరంలో. స్క్రీన్ అడుగు అంచు నుంచి ముందు వరస తల మీదుగా గీత గీస్తే, వెనక వరస దగ్గరికి వచ్చేసరికి అది 53 అంగుళాల ఎత్తుకు చేరుతుంది. మామూలుగా కూర్చుంటే కన్ను 40 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి అరుగు 13 అంగుళాలు ఉండాలి. 8 అడుగుల సీలింగ్ కింద ఆ అరుగు మీద నిలబడితే నెత్తి మీద మిగిలే చోటుతో సహా మొత్తం 83 అంగుళాలే. ఆ చోట డక్ట్ పెట్టె గానీ దిగి ఉంటే పొడుగాటి మనిషి తల తగులుతుంది. కొలిచి చూశాక ఇరుకుగా ఉందనిపిస్తే రెండో వరస ఆలోచన మానేయండి. నలుగురు హాయిగా కూర్చునే ఒక్క వరస, ఎనిమిది మంది సర్దుకు కూర్చునే రెండు వరసల కన్నా ఎంతో మేలు. అరుగు కడితే ఆ 13 అంగుళాలు ఒకేసారి ఎక్కించకండి, సగం ఎత్తులో ఒక మెట్టు వేసి దాని అంచున చిన్న లైటు పెట్టండి.

సీలింగ్ తక్కువ, గోడ వెడల్పు ఎక్కువ. బేస్‌మెంట్ల తీరే అంత. అలాంటి చోట, చూసేవి ఎక్కువగా సినిమాలే అయితే, 2.39:1 వెడల్పాటి స్క్రీన్ గురించి ఆలోచించండి. ఎత్తు పెంచకుండానే బొమ్మ పెద్దదవుతుంది. ఆటలు, సీరియళ్లు ఎక్కువ చూసే ఇల్లయితే 16:9 చాలు.

ప్రొజెక్టర్ వెలుగు లెక్క చిన్నదే. 120 అంగుళాల స్క్రీన్ దాదాపు 43 చదరపు అడుగులు. చీకటి గదిలో చదరపు అడుగుకు 16 ల్యూమెన్లు పడితే సినిమా హాలు వెలుగుకు దగ్గరగా ఉంటుంది, అంటే దాదాపు 690. పెట్టె మీద రాసిన అంకె ఎక్కువసార్లు అతి ప్రకాశవంతమైన మోడ్‌ది. రంగులు సరిగా ఉండే సినిమా మోడ్‌లో అది బాగా తగ్గుతుంది. ల్యాంపు ఉన్న మోడల్ అయితే వాడేకొద్దీ ఇంకా మసకబారుతుంది. అందుకే సినిమా మోడ్‌లో కొలిచిన అంకె మీ అవసరానికి రెట్టింపు ఉండేలా చూసుకోండి. బిగించే దూరానికి త్రో రేషియోను (ప్రొజెక్టర్ వివరాల్లో ఇచ్చే, స్క్రీన్ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరం కావాలో చెప్పే అంకె) స్క్రీన్ వెడల్పుతో గుణించండి: 1.5 అయితే, 8.7 అడుగుల వెడల్పుకు 13 అడుగులు. ఆ కొలత దగ్గర దూలం అడ్డం వస్తోందేమో కాగితం మీదే చూసుకోండి. వంకరగా పడిన బొమ్మను కీస్టోన్ అనే సెట్టింగ్‌తో లాగి సరిచేస్తే స్పష్టత పోతుంది. లెన్స్ షిఫ్ట్ (లెన్స్‌నే జరిపి బొమ్మను కదిపే సదుపాయం) ఉన్న మోడల్ తీసుకుని సరైన చోట బిగించడమే దారి.

నాలుగో అడుగు: శబ్దం బయటకు పోకుండా

గోడకు ఫోమ్ ముక్కలు అంటిస్తే పైనున్న పడకగదికి శబ్దం పోదని చాలామంది నమ్ముతారు. పోతుంది, అదీ దాదాపు అంతే గట్టిగా. ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప బయటకు పోయే శబ్దాన్ని ఆపదు. ఆపాలంటే నాలుగు కావాలి: బరువు, సందుల్లేని బిగింపు, గోడ పలకకూ చట్రానికీ మధ్య తెంపు, ఆ మధ్య ఖాళీలో రాక్‌వూల్ లాంటి మెత్తటి నింపుడు.

ఇందులో బేస్‌మెంట్‌కు ఒక వరం ఉంది. చుట్టూ మట్టి ఉన్న గోడల గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. శబ్దం పోయే దారులు సీలింగ్, తలుపు, డక్ట్. డబ్బు అక్కడ పెట్టండి.

ఏమీ విప్పకముందే ఒక పరీక్ష చేయండి. బాస్ బాగా ఉన్న పాటను గదిలో గట్టిగా పెట్టి పైకి వెళ్లి ప్రతి గదిలో నిలబడండి. నేల మీద అరచేయి పెట్టండి, గాలి వచ్చే గ్రిల్ దగ్గర చెవి పెట్టండి. మాటలు స్పష్టంగా వినబడుతున్నాయంటే సందులో డక్టో కారణం. మాటలు లేకుండా దబ్‌దబ్ మాత్రమే వస్తుంటే సీలింగ్ దూలాలు వణుకుతున్నాయని అర్థం. మొదటిదానికి సీలింగ్ విప్పక్కర్లేదు. రెండోదానికి, పైన చిన్నపిల్లలు పడుకునే గది ఉంటే, విప్పక తప్పదు.

విప్పే పక్షంలో: దూలాల మధ్య రాక్‌వూల్ నింపి, రబ్బరు ఉన్న క్లిప్పులు బిగించి, వాటికి లోహపు చానళ్లు తగిలించి, వాటి మీద రెండు పొరల డ్రైవాల్ (జిప్సం పలకలు) వేస్తారు. రెండు పొరల మధ్య వణుకును పీల్చుకునే డ్యాంపింగ్ జిగురు. క్లిప్పుల వల్ల సీలింగ్ దూలాలను నేరుగా తాకదు, తేడా అంతా అక్కడే ఉంది. స్క్రూ ఒక్కటి పొడవెక్కువై చానల్ దాటి దూలంలోకి దిగినా అక్కడ తెంపు పోయినట్టే. అందుకే పనివాళ్లకు స్క్రూ పొడవు ముందే చెప్పి, మొదటి పలక బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. ఈ పనితో సీలింగ్ రెండు మూడు అంగుళాలు దిగుతుందని మూడో అడుగు లెక్కలో కలుపుకోండి.

విప్పని పక్షంలో, ఉన్న డ్రైవాల్ మీదే డ్యాంపింగ్ జిగురుతో ఇంకో పొర వేయొచ్చు. మాటలు, సంగీతం బాగా తగ్గుతాయి, లోతైన బాస్ కొంత మిగులుతుంది. సీలింగ్‌లో గుండ్రటి లైట్లుంటే ఒక్కోటీ ఒక్కో రంధ్రమే. వాటిని తీసేసి గోడ లైట్లు పెట్టుకోవడం మంచిది. పలకలు వేలాడదీసిన సీలింగ్ అయితే శబ్దాన్ని ఆపదు సరికదా, బాస్‌కు తనే గలగలమంటుంది.

తలుపు లోపల బోలుగా ఉంటే మార్చి గట్టి చెక్క తలుపు పెట్టండి. చుట్టూ రబ్బరు సీలు, అడుగున తలుపు మూసినప్పుడు దిగే సీలు వేయించండి. తర్వాత గదిలో లైట్లన్నీ వేసి, బయట చీకటి చేసి, తలుపు మూసి బయట నిలబడి చూడండి. వెలుగు గీత ఎక్కడ కనబడితే శబ్దం అక్కడినుంచి వస్తుంది.

ఐదో అడుగు: గోడ లోపల వైర్లు

ఫినిష్ అయిన గదిలో వైరు లాగడానికి గోడ నిలువునా కోయక్కర్లేదు. నేల దగ్గరి బేస్‌బోర్డును జాగ్రత్తగా ఊడదీసి, దాని వెనక నాలుగైదు అంగుళాల ఎత్తున డ్రైవాల్ పట్టీని గది చుట్టూ కోస్తే స్టడ్‌లు వరసగా కనబడతాయి. వాటికి రంధ్రాలు చేసి వైర్లు పోనిచ్చి, స్టడ్ అంచు మీద ఇనుప పలక కొడితే తర్వాత మేకు దిగి వైరు తెగే భయం ఉండదు. పట్టీ మళ్లీ పెట్టి, పాతదాని కన్నా కాస్త ఎత్తైన బేస్‌బోర్డు బిగిస్తే కోత కనబడదు. బయటి గోడల్లో తేమను ఆపే ప్లాస్టిక్ పొర ఉంటే, కోసిన చోట దాన్ని తప్పకుండా టేపుతో అతికించండి.

పరికరాలు పెట్టే ర్యాక్ నుంచి ప్రొజెక్టర్ దాకా మాత్రం రెండు అంగుళాల పైపు వేయండి. మలుపులు మెల్లగా వంగాలి, లోపల ఒక తాడు వదిలేయాలి. ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ పైపు గుర్తుపెట్టుకోండి. కేబుళ్ల ప్రమాణాలు మారుతూనే ఉంటాయి, పైపుంటే పాతది లాగి కొత్తది వేయడం పావుగంట పని. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ పూర్తి వేగంతో కొన్ని మీటర్లే పనిచేస్తుంది. అంతకు మించిన దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కావాలి. దానికి ఒక వైపు మూలం, ఇంకో వైపు తెర అని దిక్కు ఉంటుంది. పైపులో లాగకముందే రెండు చివరలూ తగిలించి, బొమ్మ వస్తోందో లేదో నేల మీదే పరీక్షించండి.

స్పీకర్లకు గోడలో వేయడానికి ఆమోదం ఉన్న 14 గేజ్ రాగి వైరు చాలు, 50 అడుగులు దాటితే ఇంకా లావైన 12 గేజ్. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది, వద్దు. ఇప్పుడు ఐదు స్పీకర్లే కొంటున్నా, పక్కన రెండు, వెనక రెండు, సీలింగ్‌కు నాలుగు కలిపి వైర్లు లాగేయండి. సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) కనెక్షన్లు ఒక్కో గోడ మధ్యలో ఒకటి ఇవ్వండి. ర్యాక్ దగ్గరకూ ప్రొజెక్టర్ దగ్గరకూ నెట్‌వర్క్ కేబుల్. ప్రతి వైరుకూ రెండు చివరలా పేరు రాసి అంటించండి.

కరెంటు పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. ఆయన్ను అడగాల్సినవి: పరికరాలకు ప్యానెల్ నుంచి వేరే సర్క్యూట్, డిమ్మర్ లైట్లకు ఇంకో సర్క్యూట్, ప్రొజెక్టర్ దగ్గర సీలింగ్‌లో ఒక ప్లగ్ పాయింట్. కరెంటు తీగ పక్కనే స్పీకర్, సిగ్నల్ వైర్లు సాగితే హమ్ చప్పుడు రావచ్చు. రెండింటి మధ్య ఒక అడుగు దూరం ఉంచి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి.

గోడలు మూసే ముందు టేపు కొలత పక్కన పెట్టి ప్రతి గోడనూ ఫోటో తీయండి. కొన్నేళ్ల తర్వాత మేకు కొట్టాలన్నా ఆ ఫోటోలే దిక్కు.

ఆరో అడుగు: స్పీకర్లు ఎక్కడెక్కడ

కోణాలన్నీ కూర్చున్న మనిషి దగ్గర, స్క్రీన్ మధ్య నుంచి కొలిచేవి. ముందు ఎడమ, కుడి స్పీకర్లు 22 నుంచి 30 డిగ్రీల కోణంలో, చెవి ఎత్తుకు దగ్గరగా. మధ్య స్పీకర్ స్క్రీన్ కింద పెడితే ముందు భాగం చెవుల వైపు కాస్త పైకి వంచండి. మాటలు ఎక్కువగా దాని నుంచే వస్తాయి, దాని మీద ఆదా చేయకండి. ఐదు స్పీకర్ల అమరికలో వెనకటి జత 110 డిగ్రీల దగ్గర, చెవి కన్నా అడుగు ఎత్తులో. ఏడు ఉంటే పక్కవి 90 నుంచి 110, వెనకవి 135 నుంచి 150.

సీలింగ్ స్పీకర్లకు కోణమానిని అక్కర్లేదు. కూర్చున్నప్పుడు చెవి 40 అంగుళాల ఎత్తులో, సీలింగ్ 96 అంగుళాల ఎత్తులో ఉంటే తేడా 56. చెవికి 56 అంగుళాలు ముందు ఒక జత, 56 అంగుళాలు వెనక ఒక జత పెడితే సరిగ్గా 45 డిగ్రీలు వస్తుంది. అయితే నాలుగో అడుగులో కష్టపడి బిగించిన సీలింగ్‌కు మళ్లీ రంధ్రాలు పెట్టడమే ఇది. వాటి వెనక డ్రైవాల్‌తో చేసిన పెట్టెలు ముందే కట్టించండి, లేదా సీలింగ్‌ను కోయకుండా దాని మీదే బిగించే చిన్న స్పీకర్లు తీసుకోండి.

ఒక పెద్ద సబ్‌వూఫర్ కన్నా రెండు మధ్యరకంవి మంచివి. హార్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో వెలువరించిన పరిశోధన తేల్చింది ఇదే: ఎదురెదురు గోడలు రెండింటికీ, ఒక్కో గోడ మధ్యన ఒక్కోటి పెడితే బాస్ ఒక్కో కుర్చీకి ఒక్కోలా కాకుండా అన్ని కుర్చీలకూ దాదాపు ఒకేలా అందుతుంది. ఒక్కటే ఉంటే దాన్ని తాత్కాలికంగా సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బాస్ పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ బాస్ సమంగా, శుభ్రంగా వినబడితే అక్కడే దాని స్థానం.

ఏడో అడుగు: గది లోపలి ధ్వని, రంగు

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట ఒక్కటి అర్థమయ్యేది కాదు. దాన్ని బాగుచేయమని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన పక్కనున్న ఇంకో హాలు నుంచి సీటు మెత్తలు తెప్పించి, రాత్రిళ్లు అంతా సద్దుమణిగాక ఆర్గన్ గొట్టం ఊది, శబ్దం ఆగేదాకా స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. గది ధ్వని శాస్త్రం మొదలైంది ఆ మెత్తలతోనే.

మీ గదిలోనూ గుడ్డ సోఫా, కార్పెట్ ఆ పనే చేస్తాయి. కానీ పలుచటి వస్తువులు పై స్వరాలనే మింగుతాయి, బాస్‌ను వదిలేస్తాయి. అందుకే కార్పెట్లు, కర్టెన్లు నింపేసిన గది ఒక రకంగా మూగబోయి, కింద మాత్రం బుంయ్‌మంటుంది. రెండు అంగుళాల ప్యానెళ్ల కన్నా నాలుగు అంగుళాలవి మేలు. మూలల్లో ఇంకా మందంగా, నేల నుంచి సీలింగ్ దాకా.

పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట చిన్న అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో ముందు స్పీకర్ కనబడిన చోట పెన్సిల్ గుర్తు పెట్టండి, ప్యానెల్ అక్కడే. రెండు గోడలకూ సీలింగ్‌కూ ఇలాగే. వెనక గోడను మొత్తం కప్పకండి, కాస్త జీవం ఉండాలి.

రంగు విషయంలో స్క్రీన్ వైపు మూడో వంతు గది, సీలింగ్‌తో సహా, మెరుపు లేని ముదురు రంగులో ఉండాలి. తెల్ల సీలింగ్ స్క్రీన్ వెలుగును తిరిగి స్క్రీన్ మీదకే కొట్టి నలుపును బూడిద చేస్తుంది.

ఎనిమిదో అడుగు: గాలి

కూర్చున్న మనిషి ఒక్కొక్కరి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. ఆరుగురు, ప్రొజెక్టర్, రిసీవర్ (స్పీకర్లకు శబ్దం పంపే యంత్రం) కలిపితే వెయ్యి వాట్ల హీటర్ వేసుకుని కూర్చున్నట్టు. సందులన్నీ మూసిన గది కాబట్టి గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ ఉండాలి. పెద్ద డక్ట్‌లో మెల్లగా వచ్చే గాలికి చప్పుడుండదు, చిన్న డక్ట్‌లో వేగంగా వచ్చేది ఈల వేస్తుంది. లోపల మెత్తటి పొర ఉన్న డక్ట్‌ను రెండు మలుపులు తిప్పితే శబ్దం దాంట్లోంచి పైకి పోవడమూ తగ్గుతుంది. రిసీవర్‌ను మూసిన అల్మరాలో పెట్టకండి. పొగ అలారం ఉండాలి, బయటకు పోయే దారికి సోఫాలూ అరుగూ అడ్డం పడకూడదు.

చివరి అడుగు: ట్యూనింగ్

రిసీవర్‌తో వచ్చిన మైకును సోఫా మీద పెట్టకుండా స్టాండు మీద, చెవి ఎత్తులో పెట్టి ఆటోమేటిక్ సెటప్ నడపండి. అది అయిపోయాక దూరాలు సరిగ్గా రాసుకుందో లేదో టేపుతో సరిచూడండి. సబ్‌వూఫర్ దూరం అసలు కన్నా ఎక్కువ చూపిస్తే మార్చకండి, దాని లోపలి ఆలస్యాన్ని కలిపి లెక్కేసింది. స్పీకర్లన్నింటిలోనూ 80 హెర్ట్జ్ కింది స్వరాలను సబ్‌వూఫర్‌కు అప్పగించండి. ప్రొజెక్టర్‌లో సినిమా మోడ్ పెట్టి, కదలికలను నునుపు చేసే సెట్టింగ్ ఆపేయండి.

తర్వాత ఇల్లు సద్దుమణిగాక గలగలల వేట. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టెస్ట్ శబ్దం పెట్టి గదంతా తిరగండి. నేను ఈ పని చేసిన రాత్రి 40 దాటగానే ఎక్కడో సన్నగా జుయ్‌మంది. స్పీకర్ పాడైందేమోనని టెన్షన్ పడి, శబ్దాన్ని ఆ స్వరం దగ్గరే ఆపి, ఒక్కో వస్తువు మీదా అరచేయి పెట్టుకుంటూ పోయాను. తలుపు బందు కాదు, గ్రిల్ కాదు, స్క్రీన్ ఫ్రేము కాదు. మెట్టు అంచున పెట్టిన చిన్న లైటు మూత మీద వేలు పెట్టగానే ఆగిపోయింది. మూత తీసి, వెనక చుట్టూ ఫెల్టు ముక్క అతికించి బిగించి, శబ్దాన్ని మళ్లీ 20 నుంచి మొదలుపెట్టాను.